రాజద్రోహం, నాలుగు టైర్లు

"రేవంత్ నూకల. ఎక్కడున్నా సరే, వచ్చి రాజుగారి ముందు సమాధానం చెప్పుకోవాలి. ఇది మూడో పిలుపు. ఆఖరి పిలుపు."

కొత్త ఫ్రిజ్ ముందు నిలబడి చదవడం ముగించి, సాత్విక కాగితం మడిచింది. ముద్దాయి కోసం వేసిన కుర్చీలో రేవంత్ లేడు. అతని నల్ల చలికోటు మాత్రం కుర్చీ వీపుకి తగిలించి ఉంది. చేతులు రెండూ నేల దాకా వేలాడుతున్నాయి.

"రాలేదు," అన్నాడు సాయి తేజ, టై సర్దుకుంటూ. "రాడని నాకు ముందే తెలుసు. ప్రభూ, చట్టం ప్రకారం గది జప్తు చేసెయ్యండి."

అమరేశ్వరరావు గోడ గడియారం చూశాడు. పది నలభై. పెన్ను మూత తీశాడు.

నిఖిల కళ్లు ఆయన చేతి మీదే ఉన్నాయి. ఆ పెన్ను కాగితానికి తగిలితే రేవంత్ ఈ సాయంత్రానికి రోడ్డు మీద ఉంటాడు.

ఈ హాల్లోకి ఇప్పుడే అడుగు పెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కెనడాలో, ఏజాక్స్ ఊళ్లోని ఈ టౌన్‌హౌస్ అమరేశ్వరరావుగారిది. ఆయనా, భార్య జానకమ్మా మేడ మీద. కింద నలుగురు స్టూడెంట్లు. నిఖిల టొరంటోలో చరిత్ర ఎమ్మే చేస్తోంది. ఆమె థీసిస్, ఆరువందల ఏళ్ల కిందటి స్కాట్లాండులో తిరగబడ్డ ప్రభువుల మీద జరిగిన రాజద్రోహం విచారణలు, వాళ్ల ఆస్తుల జప్తు. సెప్టెంబరులో వంటగది తగాదాలు ముదిరినప్పుడు ఒకరోజు అన్నం తింటూ ఆ సంగతులు చెప్పింది. రాజు పేరున పిలుపు వెళ్తుందనీ, తిరుగుబాటుదారుడి ఊరి బజారులో రాతి స్తంభం దగ్గర దాన్ని నలుగురూ వినేలా చదువుతారనీ, రాకపోతే అతను లేకుండానే తీర్పు చెప్పి భూములన్నీ రాజు పరం చేస్తారనీ చెప్పింది.

అందరూ నవ్వి ఊరుకున్నారు. అమరేశ్వరరావు ఊరుకోలేదు. మిస్సిసాగాలో మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు క్వాలిటీ చూసి రిటైరైన మనిషి. కాగితం మీద లేని పనిని పనిగా ఒప్పుకోడు. మర్నాటికల్లా 'ఇంటి శాసనం' టైపు చేసి, లామినేట్ చేయించి, ఫ్రిజ్‌కి అంటించాడు. బజారు స్తంభం స్థానంలో ఫ్రిజ్. రాజు స్థానంలో తను. రాజు సొత్తును రాజుకి తెలియకుండా వాడితే రాజద్రోహం. అలాంటివాళ్లకి మూడు పిలుపులు, ఆ తర్వాత గది జప్తు. అందరూ కేరింతలు కొడుతూ సంతకాలు పెట్టారు.

రెండు వారాలకే ఆయన కారు, ఆయనకి తెలియకుండా తిరగడం మొదలుపెట్టింది. పోయిన ఆదివారం కారు రెండో తాళంచెవి రేవంత్ కోటు జేబులో దొరికింది.

"ఎందుకు తీశావురా" అని ఎవరడిగినా రేవంత్ ఒకటే మాట. "నేను చెప్పలేను." మొదటి పిలుపుకి రాలేదు. రెండో పిలుపుకీ రాలేదు. ఈ శనివారం ఉదయం వేర్‌హౌస్‌లో షిఫ్టుందని తెల్లారకముందే వెళ్లిపోయాడు.

మామూలు రోజులైతే ఇదంతా ఆటే. కానీ ఇది రెండువేల ఇరవై రెండు నవంబరు. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్నారు. ఒక గది ఖాళీ అవుతోందని వాట్సాప్ గ్రూపులో పెడితే గంటలో పదకొండు మంది ఫోన్లు చేశారు. అందులో ఒకరు ఇప్పటికే హాల్లో సోఫా అంచున, రెండు పెద్ద సూట్‌కేసుల మధ్య కూర్చుని ఉన్నారు. ఆయన పేరు పాండురంగ. ముప్పై ఆరేళ్లు. నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం మానేసి చదువుకోవడానికి నిన్ననే దిగాడు.

"నేను తొందరపెట్టడం లేదండీ," అన్నాడు పాండురంగ. "మీ విచారణ మీరు కానివ్వండి. ఈలోగా ఆ గదికి కిటికీ ఉందా లేదా ఎవరైనా చెబితే చాలు."

"ఉంది. పక్కింటి గోడ బ్రహ్మాండంగా కనిపిస్తుంది," అంది సాత్విక.

నిఖిల లేచి నిలబడింది. "ఆగండి అంకుల్."

"కోర్టులో అంకుల్ ఏమిటమ్మా," అన్నాడు అమరేశ్వరరావు నొచ్చుకుంటూ. ఆయన భుజాల మీద జానకమ్మ పాత కాశ్మీరు శాలువా రాజవస్త్రంలా పరుచుకుని ఉంది.

"క్షమించండి ప్రభూ. ముద్దాయి రాలేదని తీర్పు చెప్పేస్తే అది స్కాట్లాండు పద్ధతి కాదు. మనిషి లేకపోయినా అభియోగం చదవాలి, సాక్ష్యం వినాలి. తర్వాతి రోజుల్లో అయితే చచ్చిపోయినవాడి ఎముకలు తెచ్చి సభలో పెట్టి మరీ విచారించారు."

పాండురంగ కుర్చీ మీది కోటు వైపు అనుమానంగా చూశాడు. "ఆ కుర్రాడు బాగానే ఉన్నాడు కదండీ?"

"బాగానే ఉన్నాడు. బాక్సులు మోస్తున్నాడు," అన్నాడు సాయి తేజ. అతనిది భీమవరం. సప్లై చెయిన్ చదువుతున్నాడు కానీ ఈ ఇంట్లో రాజుగారి వకీలు వేషం దొరికినప్పటినుంచీ చదువు మీద ధ్యాస తగ్గింది. "సాక్ష్యం కావాలా? తప్పకుండా ఇస్తాను. ప్రభూ, మీ నోట్‌బుక్కు చదవండి."

అమరేశ్వరరావు ముఖం వెలిగింది. నల్ల అట్ట పుస్తకం తెరిచాడు. కారు మీటరు రీడింగు ఆయన రోజుకి రెండుసార్లు రాస్తాడు. ఎందుకని అడిగితే, ఎందుకు రాయకూడదని అడుగుతాడు.

"అక్టోబరు పద్దెనిమిది, మంగళవారం. నేను లైబ్రరీకి నడిచి వెళ్లి వచ్చేసరికి పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. అక్టోబరు ఇరవై, గురువారం. మళ్లీ పద్నాలుగు. పాతిక, పద్నాలుగు. ఇరవై ఏడు, పదిహేను. నాలుగు వారాలు, ఎనిమిది సార్లు. ప్రతిసారీ నేను లైబ్రరీలో ఉన్న గంటన్నరలోనే."

"మంగళ, గురువారాల్లో రేవంత్‌కి క్లాసుల్లేవు," అన్నాడు సాయి తేజ. "తాళంచెవి వాడి జేబులో ఉంది. ఇంకేం కావాలి?"

"ఇంకా ఉంది," అన్నాడు అమరేశ్వరరావు, పేజీ తిప్పుతూ. "దొంగ వెధవ ప్రతిసారీ సీటు కూడా కదిపాడు. నేను ఎక్కి కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకి తగిలేవి. లోపలి అద్దంలో వెనక రోడ్డు కాదు, వెనక సీటు కనబడేది."

"సీటు ముందుకి జరిగిందా, వెనక్కా?" అంది నిఖిల.

"ముందుకమ్మా. టేపు పెట్టి కొలిచాను. పదహారు సెంటీమీటర్లు."

"రాజుగారి సీటుని పదహారు సెంటీమీటర్లు," అన్నాడు సాయి తేజ కోటుకేసి వేలు చూపిస్తూ. "చూడండి ఆ తెగింపు."

నిఖిల కూడా కోటు వైపు చూసింది. నేల మీద ఆనుతున్న దాని చేతుల్ని చూసింది. రేవంత్ ఆరడుగుల రెండంగుళాలు. కిందికి దిగే మెట్ల దగ్గర తల వంచకపోతే బొప్పి కడుతుంది. వాడు కారెక్కితే సీటు వెనక్కి జరగాలి గాని ముందుకెందుకు జరుగుతుంది?

ఎవరో పొట్టివాళ్లు. చాలా పొట్టివాళ్లు.

సాత్విక తనకంటే ఎత్తు. సాయి తేజకి లైసెన్సే లేదు. పాండురంగ నిన్న దిగాడు. నిఖిల చూపు హాలంతా తిరిగి వంటగదిలో ఆగింది. పై అరలో పప్పుల డబ్బాలు. ఆ అర కింద చిన్న చెక్క పీట. ఆ పీట ఎక్కితే గాని పై అర అందని మనిషి ఈ ఇంట్లో ఒకరే ఉన్నారు. చూపు మళ్లీ సోఫా మీదికి వచ్చింది. మెరూన్ రంగు కుషన్లు ఉండవలసినవి నాలుగు. పాండురంగ పక్కన మూడే ఉన్నాయి. నాలుగోది కనిపించడం లేదని సాత్విక అన్నది ఎప్పుడు? నెల రోజుల కిందట. డ్రైవరు సీటుకి ఎత్తు కావలసిన రోజుల్లోనే.

నిఖిలకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చి, బల్ల చాటున ఫోను తీసి రేవంత్‌కి రెండు ముక్కలు కొట్టింది. 'జానకమ్మ ఆంటీనా?'

జవాబు పది సెకన్లలో వచ్చింది.

'నీకెట్ల తెల్సిందక్కా? పదకొండు పదికి ఓషావాలో టెస్ట్. నేను పక్కన ఉన్న. ఆంటీ చేతులు వణుకుతున్నయ్. టెస్ట్ అయ్యేదాకా అంకుల్‌కి తెల్వొద్దు. ఒట్టు పెట్టిన. నా రూము పోతే పోనీ.'

నిఖిల ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. ఊళ్లో అయిదేళ్లు ట్రావెల్స్ కారు నడిపినవాడు, ఇక్కడ ఫుల్ లైసెన్సు ఉన్నవాడు, స్టూడెంట్లలో వాడొక్కడే. ఒకావిడకి డ్రైవింగు నేర్పినందుకు ఇల్లు పోగొట్టుకోవడానికి సిద్ధమై కూర్చున్నాడు, అదీ ఎవరి కారులో నేర్పాడో ఆ పెద్దమనిషి చేతిలోనే.

నాలుగేళ్ల కిందట జానకమ్మ ఒకసారి టెస్టుకి బుక్ చేసుకుంది. ఆ కథ ఆవిడే ఒకరోజు దోసెలు పోస్తూ చెప్పింది. భర్తకి తెలిసింది. ఆ రాత్రే ఆయన ఆన్‌లైన్‌లో ఆ టెస్టు కేన్సిల్ చేసేశాడు. ఆఫీసు రోజుల్లో 401 హైవే మీద మంచులో ట్రక్కు కింద నలిగిన ఒక కారుని చూశాడట. ఆ కారు నడిపిన ఆవిడ వయసు జానకమ్మ వయసే. ఆ రోజు నుంచీ ఆయన భార్యని గుడికైనా, కూరలకైనా తనే తిప్పాడు. పోట్లాడలేదు, తిట్టలేదు, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు తెలిస్తే ఓషావాకి ఒక్క ఫోను చాలు. వణికే చేతులు పూర్తిగా ఆగిపోతాయి.

రేవంత్‌ని కాపాడే పేరు నాలుక చివర ఉంది. అది ఇంకో నలభై నిమిషాలు అక్కడే ఉండాలి. గడియారంలో పది యాభై రెండు.

"ప్రభూ," అంది నిఖిల గొంతు సవరించుకుని. "సాక్ష్యం తర్వాత. ముందు పిలుపులు సక్రమంగా అందాయో లేదో తేలాలి. పిలుపు చదివిన అధికారి వచ్చి ప్రమాణం చెయ్యాలి. సాత్విక గారూ, ఇలా రండి."

"గారా?" అంది సాత్విక. తను ప్రొద్దుటూరు అమ్మాయి. కిందటి వారం షాంపూ కోసం ఇద్దరికీ పెద్ద గొడవైంది. "సరే, వచ్చినాను. అడుగు."

"మొదటి పిలుపు ఎప్పుడు చదివారు?"

"ఆదివారం."

"ఎన్ని గంటలకి?"

"ఇడ్లీలు అయిపోయినాక."

"ఎవరి ఇడ్లీలు?"

సాయి తేజ లేచాడు. "ప్రభూ, ఇడ్లీలకీ రాజద్రోహానికీ సంబంధం ఏమిటి?"

"సమయం రుజువు కావాలి," అంది నిఖిల. "ఇడ్లీలు ఎన్ని విడతలుగా దించారో తెలిస్తే సమయం తేలుతుంది."

అమరేశ్వరరావు ఆలోచించాడు. క్వాలిటీ మనిషికి ఇది అర్థమయ్యే భాష. "అడగనివ్వు. రికార్డు పక్కాగా ఉండాలి."

ఇడ్లీలు మూడు విడతలుగా దించారని తేలడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. చదివేటప్పుడు మిక్సీ ఆడుతోందా లేదా అన్నదానికి ఇంకో ఆరు నిమిషాలు. మిక్సీ ఆడుతుంటే పిలుపు నలుగురికీ వినిపించినట్టు కాదని నిఖిల వాదించింది. చట్నీ ముందురోజుదేనని సాయి తేజ తిప్పికొట్టాడు. పాండురంగ ఈ గొడవలో పూర్తిగా పడిపోయి, "అయితే మిక్సీ ఆడలేదన్నమాట," అని తనే ఒక కాగితం మీద నోట్సు రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండో పిలుపు దగ్గర రైస్ కుక్కరు విజిల్ వేసిందని సాత్వికకి గుర్తొచ్చింది. ఆ విజిల్ రేవంత్ ఇంటిపేరు మీద పడిందా, పేరు మీద పడిందా అన్న చర్చకి ఇంకో ఏడు నిమిషాలు.

పదకొండు పదిహేను. ఓషావాలో ఈపాటికి కారు కదిలి ఉంటుంది.

"చాలమ్మా," అన్నాడు అమరేశ్వరరావు. "రెండు పిలుపులూ సరిగ్గానే అందాయి. మూడోది నా కళ్ల ముందే చదివింది. ఇంక ఏముంది?"

నిఖిల దగ్గర ఇంక ఏమీ లేదు. అప్పుడు ఆమె చూపు సాత్విక వెనక ఉన్న ఫ్రిజ్ మీద పడింది. తళతళలాడే స్టీలు తలుపు. దాని మీద ఒక్క కాగితం కూడా లేదు.

"ప్రభూ, మూడో పిలుపు చెల్లదు."

సాయి తేజ నవ్వాడు. "ఎందుకు చెల్లదు? చదివింది ఫ్రిజ్ ముందే కదా."

"ఏ ఫ్రిజ్ ముందు?" అంది నిఖిల. "ఇది నిన్న సాయంత్రం వచ్చింది. మనం సంతకాలు పెట్టిన రోజు ఇది షాపులో ఉంది. శాసనం అంటించి ఉన్నది పాత ఫ్రిజ్ మీద. అది గరాజ్‌లో ఉంది. పిలుపు ఆ ఊరి స్తంభం దగ్గరే చదవాలి. దారిలో కనబడిన రాయి దగ్గర చదివితే కుదరదు."

సాత్విక పకపకా నవ్వింది.

అమరేశ్వరరావు నవ్వలేదు. ఆయన కళ్లల్లో గౌరవం కనిపించింది. మందుల కంపెనీలో ఉన్నప్పుడు తప్పు లేబులు పడిన సీసాను పట్టుకున్నవాళ్లని ఆయన అలాగే చూసేవాడు. "నిజం," అన్నాడు. "పరికరం మారింది. కాగితం మారలేదు. పదండి, గరాజ్‌లో మళ్లీ చదువుదాం."

కోర్టు కదిలింది. ముందు శాలువాతో రాజు, వెనక టైతో వకీలు, కాగితంతో సాత్విక, చంకలో రేవంత్ కోటుతో నిఖిల. ఆఖరున పాండురంగ రెండు సూట్‌కేసులూ ఈడ్చుకుంటూ బయల్దేరాడు.

"అవి ఇక్కడే ఉంచండి సార్, ఎవరూ తీసుకోరు," అంది సాత్విక.

"ఈ ఇంటి చట్టం విన్న తర్వాత ఉంచలేనమ్మా."

గరాజ్ చల్లగా ఉంది. పాత ఫ్రిజ్ మూలన, గోడకి కాస్త ఓరగా నిలబడి ఉంది. లామినేట్ చేసిన శాసనం దాని మీద భద్రంగా ఉంది. అమరేశ్వరరావు దాన్ని ప్రేమగా తుడిచి, ఫ్రిజ్‌ని నిటారుగా నిలబెడదామని సాయి తేజతో కలిసి పక్కకి జరిపాడు.

దాని వెనక నాలుగు టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

మంచుకాలం టైర్లు. పోయిన ఏప్రిల్‌లో ఆయనే కడిగి, తుడిచి, ప్రతిదాని మీదా సుద్దతో నంబరు రాసి పెట్టినవి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇవి ఇక్కడున్నాయేమిటి?" అన్నాడు అమరేశ్వరరావు నెమ్మదిగా.

నిఖిలకి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. ఉదయం తొమ్మిదింటికి కారు వాకిట్లోంచి వెళ్లింది. టైర్లు మార్చడానికి మెకానిక్ మధుసూదన్ మనిషి వచ్చి తీసుకెళ్లాడని జానకమ్మే చెప్పింది. చెప్పి, పక్కింటి విశాలాక్షిగారితో గుడికి వెళ్తున్నానని తనూ బయల్దేరింది. నాలుగు వారాలు మీటరునీ సీటునీ అద్దాన్నీ లెక్కలో పెట్టుకోని ఆవిడ, చివరికి టైర్లు కారులో పెట్టించడం కూడా మర్చిపోయింది.

వాటిని దాచి ఉంచిన ఫ్రిజ్ దగ్గరికి కోర్టు మొత్తాన్నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఎవరు? తనే.

"టైర్లు ఇక్కడుంటే," అన్నాడు ఆయన ఒక్కొక్క మాటా పేరుస్తూ, "మధుసూదన్ ఏం మారుస్తున్నాడు?"

"బహుశా గాలి," అన్నాడు పాండురంగ.

"కారు మధుసూదన్ దగ్గర లేదు. మళ్లీ తీశారు. పట్టపగలు, నేను ఇంట్లో ఉండగా." అమరేశ్వరరావు ముఖం ఎర్రబడింది. శాలువా కింద నుంచి ఫోను తీశాడు. "జానకికి ఫోన్ చేస్తాను. కారు ఇచ్చింది ఎవడికో అదే చెప్పాలి."

అదే క్షణంలో నిఖిల అరచేతిలో ఫోను కంపించింది. పదకొండు ముప్పై ఒకటి.

'పాస్. ఇన్‌స్పెక్టరమ్మ ఒక్క తప్పు కూడా రాయలే. ఆంటీ ఏడ్చింది, నేను కూడా. ఇంటికొస్తున్నం. 401 మీద. డ్రైవర్ ఆంటీ.'

401 మీద. మొదటిసారి. పక్కన ట్రక్కులు. ఇప్పుడు కారు స్పీకర్లో భర్త గొంతు ఉరిమితే?

"ఫోన్ చెయ్యకూడదు," అంది నిఖిల. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

అందరూ తిరిగి చూశారు.

"విచారణ మధ్యలో న్యాయమూర్తి బయటి మనిషితో మాట్లాడకూడదు ప్రభూ. మాట్లాడితే మొత్తం మొదటినుంచీ మొదలవుతుంది. ఇడ్లీలతో సహా."

"వద్దు," అన్నాడు సాయి తేజ వెంటనే. "ప్రభూ, దయచేసి వద్దు."

అమరేశ్వరరావు వేలు ఫోను మీదే ఆగింది. "అయితే కారు సంగతి ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను," అంది నిఖిల. "కారు తీసింది ఎవరో నాకు తెలుసు. రేవంత్ కాదు. పేరు కూడా చెబుతాను."

గరాజ్‌లో గాలి మారిపోయింది. సాత్విక నోటి దగ్గర చెయ్యి పెట్టుకుంది. సాయి తేజ టై వదిలేశాడు. పాండురంగ తన పెద్ద సూట్‌కేసు మీద కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు రాజు.

"ముందు మీరు మాటివ్వాలి. ద్రోహి ఎవరైనా సరే ఒకటే చట్టం అని. రేవంత్‌కైతే జప్తు, ఇంకొకరికైతే మాఫీ అంటే కుదరదు. ఆ రోజుల్లో రాజుల మీద వచ్చిన పెద్ద నింద అదే, ఇష్టమైనవాళ్లకి ఒక చట్టం, లేనివాళ్లకి ఇంకొకటి."

ఈ మాట ఆయనకి తగిలింది. "నా ఇరవై రెండేళ్ల సర్వీసులో డైరెక్టరుగారి బ్యాచ్ కూడా వెనక్కి పంపాను నిఖిలా. అమరేశ్వరరావు దగ్గర మనిషిని బట్టి కొలత మారదు."

"కాగితం మీద పెట్టండి ప్రభూ."

ఆయన్ని కదిలించే మాట అది ఒక్కటే. ఫోను జేబులో పెట్టి, పెన్ను తీశాడు. పాత ఫ్రిజ్ మీద కాగితం ఆనించి రాయడం మొదలుపెట్టాడు. తేదీ. సమయం. స్థలం. ఒక పదం నచ్చక కొట్టేసి, కొట్టేసినందుకు పక్కన పొడి సంతకం పెట్టి, అదీ నచ్చక మొత్తం కాగితం చింపి కొత్తది తీసుకున్నాడు. నిఖిల జీవితంలో ఏ మనిషి చాదస్తాన్నీ అంతగా ప్రేమించలేదు. సాక్షులు ఇద్దరు కావాలన్నాడు. సాత్విక సంతకం పెట్టింది. రెండో సాక్షిగా పాండురంగ తన పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు రాసి సంతకం చేశాడు.

అప్పుడు అమరేశ్వరరావు కాగితాన్ని చేతికి దూరంగా పట్టుకుని, సభలో చదివినట్టు చదివాడు.

"నా కారును నాకు తెలియకుండా నడిపిన మనిషి ఎవరైనా సరే, ఎంత దగ్గరివారైనా సరే, ఈ ఇంట్లో ఆ మనిషి పడుకునే గది ఈ సాయంత్రం ఆరు గంటలకి జప్తు చేసి, గది కోసం వేచి ఉన్న పాండురంగగారికి అప్పగించబడుతుంది. ఈ మాట వెనక్కి తీసుకునే అధికారం నాకు కూడా లేదు."

"ఆ చివరి వాక్యం చాలా బాగుందండీ," అన్నాడు పాండురంగ.

"పేరు," అన్నాడు అమరేశ్వరరావు.

నిఖిల వాచీ చూసుకుంది. పదకొండు యాభై మూడు. ఏజాక్స్ ఎగ్జిట్ దాటి ఉంటారా? ఇంకో నిమిషం కావాలి.

"సాత్వికా, మూడో పిలుపు సరైన ఫ్రిజ్ ముందు ఇంకా చదవలేదు," అంది. "చదువు. ఈసారి రేవంత్ పేరు వద్దు. పేరు ఉండాల్సిన చోట ఆగు."

సాత్విక పాత ఫ్రిజ్ ముందు నిటారుగా నిలబడింది. ఇప్పుడు తన గొంతులో ఆట లేదు. "రాజుగారి కారు తీసిన మనిషి ఎక్కడున్నా సరే, వచ్చి రాజుగారి ముందు సమాధానం చెప్పుకోవాలి. ఇది మూడో పిలుపు. ఆఖరి పిలుపు."

అమరేశ్వరరావు కాగితాన్ని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

గరాజ్ తలుపు దానంతటదే గుర్రుమంది.

అందరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఎవరూ బటన్ నొక్కలేదు. నొక్కే రిమోటు ఇంకొకటి ఉన్నది కారులోనే. తలుపు నేల మీంచి లేచింది. కిందనుంచి ముందు ఒక వెలుతురు గీత, తర్వాత రెండు టైర్లు, మంచుకాలానివి కావు, మామూలువి. వాకిట్లో కారు గీతలు గీసినట్టు సరిగ్గా మధ్యలో ఆగి ఉంది. తలుపు ఇంకాస్త లేచింది. బంపరు. నంబరు ప్లేటు. ఆ నంబరు చూసి అమరేశ్వరరావు ఒకడుగు ముందుకి వేశాడు.

నిఖిల ఆయనకి అడ్డంగా నిలబడింది. చంకలోని రేవంత్ కోటు తీసి సాయి తేజ చేతుల్లో పెట్టింది. నవ్వు ఇంక ఆగేలా లేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

"మీరు ఇప్పుడే జప్తు చేసిన గది మేడ మీద, ఎడమ చేతి వైపుది ప్రభూ," అంది. "దానికి తూర్పు కిటికీ ఉంది పాండురంగగారూ, ఎండ బాగా వస్తుంది. మంచం మీద రెండు దిండ్లుంటాయి. ఒకటి రాజుగారిదే. రెండోది కారు తీసిన మనిషిది. ఆవిడ పేరు జానకమ్మ."